నొక్కిన మీట ఎచ్చటికి బోయెను?

మన పాఠశాలలో మార్కుల పట్టికలు, హాజరు పట్టికలు, రుసుముల లెక్కలు కొన్ని సంవత్సరములుగా కంప్యూటరునందే నిలువయుండుచున్నవి. పూర్వము బరువైన అట్టలుగల రిజిస్టరులలో ఎఱ్ఱగీతలు గీసి వ్రాసికొన్న సంగతులన్నియు నేడు డేటాబేసు అను భాండారమున చేరియున్నవి. అందులోనికి సంగతులను ఎక్కించుటకు తెఱపై కనబడు గడుల కాగితమునకు ఫారమని పేరు. ఆ ఫారము వెనుకనుండి, ఏ మీటను నొక్కినచో ఏ పని జరుగవలెనో నిర్ణయించు ఆజ్ఞల వరుసకు స్క్రిప్టని పేరు. తలిదండ్రుల కంటికి కనబడునది ప్రోగ్రెసు కార్డు మాత్రమే. అయితే ఆ కార్డునందలి ప్రతి అంకెయు ఎవరో ఒకరి వ్రేలిక్రింది మీటనుండియే బయలుదేరినది. ఆ మీటకును ఈ కార్డునకును నడుమనున్న దారిని గూర్చి ఈ సంవత్సరపు సంచికలో కొంత వ్రాయుట యుక్తమని తలచితిమి.

మౌసును పట్టుకొని తెఱపైని బొత్తామును వెదకి నొక్కుటకు బదులుగా, కీబోర్డుపై ఒకటి రెండు మీటలను కలిపి నొక్కి అదే పనిని జరిపించుకొనుటను షార్టుకట్టు అందురు. దినమునకు వందలకొలది అంకెలు ఎక్కించు గుమాస్తాకు ఇది గొప్ప సదుపాయము. చేయి కీబోర్డును విడువనక్కఱలేదు, చూపు జవాబుపత్రముల కట్టనుండి మరలనక్కఱలేదు. మైక్రోసాఫ్టు సంస్థవారు 1992వ సంవత్సరమున మొదట వెలువరించిన యాక్సెస్ అను సాధనము మా కార్యాలయమున వాడుకలో నున్నది. అందు కంట్రోలు మీటతో సెమికోలను నొక్కినచో నాటి తేది గడిలో పడును. కంట్రోలుతో అపాస్ట్రఫీ నొక్కినచో వెనుకటి రికార్డులో ఆ గడియందున్న విలువ ఈ రికార్డులోనికి వచ్చును. షిఫ్టుతో ఎంటరు నొక్కినచో రికార్డు భద్రమగును. ఎస్కేపు నొక్కినచో అప్పుడు చేసిన దిద్దుబాటు రద్దగును. ఇవి సాధనముతో పుట్టినవి. ఇవిగాక, స్క్రిప్టు వ్రాయువారు తమ యవసరమును బట్టి క్రొత్తవానిని ఏర్పఱచుకొనవచ్చును. మేము చెప్పబోవు కథ ఈ రెండవ తెగకు చెందినది.

గడచిన అర్ధసంవత్సర పరీక్షల పిమ్మట, కిరాణాకొట్టు నడుపుకొను ఒక తండ్రి తన కుమారుని కార్డు చేతబట్టుకొని కార్యాలయమునకు వచ్చిరి. "అయ్యా, మావాడికి మార్కులు తక్కువ వచ్చినవని నేను రాలేదు. కూడిక తక్కువ వచ్చినదని వచ్చితిని" అని వారనిరి. కార్డులో తెలుగు 82, హిందీ 76, ఆంగ్లము 69, గణితము 58, విజ్ఞానశాస్త్రము 64, సాంఘికశాస్త్రము 71 అని యుండెను. మొత్తమనుచోట 366 అని అచ్చుపడియుండెను. ఆయన నోటితోనే కూడి 420 అని చెప్పిరి. మేమును కూడితిమి. 420 సరియే. తేడా 54. ఇది కేవలము కాగితముమీది తేడా కాదు. ఆ 366ను బట్టియే ఆ బాలుని పేరు సాయంకాలపు ప్రత్యేక తరగతి పట్టికలో చేరియుండెను. కొట్టులో తండ్రికి సాయపడవలసిన వేళ ఆ పిల్లవాడు పదిదినములుగా తనకు అక్కఱలేని తరగతిలో కూర్చుండెను.

పద్దులు వ్రాయువారికి ఒక పాత సూత్రము కలదు. లెక్కలో వచ్చిన తేడా తొమ్మిదిచే శేషము లేకుండ భాగింపబడునేని, ఎచ్చటనో రెండంకెలు తారుమారై యుండునని అనుమానింపవలెను. శిక్షణ కళాశాలలో మేము నేర్చుకొన్న చిన్న సంగతులలో ఇదియొకటి. 54 తొమ్మిదికి ఆఱు రెట్లు. 71ని తిరుగవేసిన 17. ఆ రెంటికిని భేదము సరిగా 54. ఉపాధ్యాయుల గదిలో ఈ మాట పొక్కినంతనే కొందఱు తీర్పు చెప్పివేసిరి. "గుమాస్తాగారికి వయస్సు మీఱినది, చూపు మందగించినది, అంకెలను తారుమారుగా ఎక్కించినారు" అనిరి. ఏండ్లతరబడి ఒక్క పైస తేడా లేకుండ రుసుముల లెక్క వ్రాసిన ఆ పెద్దమనిషి ఈ మాట విని తల వంచుకొనిరి. పిమ్మట మెల్లగా ఇట్లనిరి: "మొదట 17 అని పడినమాట నిజమే. కట్టలోని పత్రముతో సరిచూచుకొని అప్పుడే 71గా దిద్దితిని. కార్డుమీద 71 అనియే యున్నదిగదా! దిద్దిన ప్రతిసారియు కంట్రోలుతో టి మీట నొక్కి మొత్తమును మరల వేయించితిని."

కంట్రోలుతో టి నొక్కినచో ఆఱు గడులలోని మార్కులను కూడి, మొత్తపు గడిలో వేసి, రికార్డును భద్రపఱచునట్లు పూర్వమెవరో వ్రాసియిచ్చిన స్క్రిప్టు ఆ ఫారములో నుండెను. మొత్తపు గడి ఫారము అడుగుభాగమున తెఱకు అందక యుండుటచే, అందేమి పడినదో దిద్దువారికి వెంటనే కనబడదు. ప్రధానోపాధ్యాయినిగారు ఇరువురి మాటయు విని, "సంగతి తేలువఱకు ఎవరిమీదను మాట వేయవద్దు" అని చెప్పి, విచారణ చేయుటకు మమ్ము నియమించిరి.

సహోపాధ్యాయులొకరు ముందుగా కూర్చుండి, ఒక నకలు ప్రతిలో 17ను 71గా దిద్ది, మొత్తమను బొత్తామును మౌసుతో నొక్కిరి. 420 వచ్చెను. పదిసార్లు చేసిరి. పదిసార్లును సరిగానే వచ్చెను. "యంత్రమున దోషము లేదు" అని వారు లేవబోవుచుండగా, మాకు సాయముగా వచ్చిన పదవ తరగతి బాలిక ఒకతె, "మాష్టారూ, గుమాస్తాగారు మౌసు ముట్టుకోరుగదండీ! వారు చేసినట్లే చేసి చూడవద్దా?" అని అడిగెను. ఆ ప్రశ్నయే మా విచారణకు తలుపు తెఱచెను. గుమాస్తాగారినే పిలిచి వారి కుర్చీలో కూర్చుండబెట్టి, వారి చేతులను మాత్రము చూచుచు నిలిచితిమి. వారు 71 అని కొట్టి, ఎంటరు నొక్కక, గడిని విడువక, కర్సరు అచ్చటనే యుండగా కంట్రోలుతో టి నొక్కిరి. మొత్తము 366 గానే నిలిచెను. మరల చేసిరి. మరల 366. దోషము మా యెదుటనే పట్టుబడెను.

దోషము ఎదుట పడుట వేఱు, దాని మూలము తెలియుట వేఱు. నొక్కిన మీట స్క్రిప్టును చేరుటకు కొన్ని ద్వారములు దాటవలెను. ఏ ద్వారమున ఏమి జరిగెనో వరుసగా విచారించితిమి.

మొదటి ద్వారము ఆటోకీస్ అను పేరుగల మాక్రో. ఆ పేరుతో ఒక మాక్రోను వ్రాసినచో, అందు చెప్పిన మీటల కలయికలు ఆ డేటాబేసు అంతటికిని వర్తించును. సాధనముతో పుట్టిన అర్థమును గూడ అవి త్రోసివేయును. మా డేటాబేసులో అట్టిది లేదు. రెండవ ద్వారము కీ ప్రివ్యూ అను ఫారము గుణము. అది కాదు అనియున్నచో మీటవార్త కర్సరు నిలిచియున్న గడికి మాత్రమే అందును. అవును అనియున్నచో ముందుగా ఫారమునకు అంది, ఆ తరువాత గడికి పోవును. సాధారణముగా అది కాదు అనియే యుండును గనుక, షార్టుకట్టు ఒక గడిలో పనిచేసి మఱియొక గడిలో పనిచేయనప్పుడు మొదట చూడవలసిన చోటిదియే. మా ఫారములో అది అవును అనియే యుండెను.

మూడవది మీటతోపాటు పట్టియుంచు మీటల లెక్క. షిఫ్టునకు 1, కంట్రోలునకు 2, ఆల్టునకు 4 అని సంఖ్యలు. రెండు కలిపి పట్టినచో వాని మొత్తమే స్క్రిప్టునకు అందును. కంట్రోలును షిఫ్టును కలిసిన 3 అగును. సంఖ్య సరిగా 2 అయియున్నదా అని అడుగు స్క్రిప్టు ఆ 3ను త్రోసివేయును. దానిలో 2 ఇమిడియున్నదా అని అడుగు స్క్రిప్టు దానిని గూడ అంగీకరించును. ఏది కావలెనో వ్రాయువారే నిశ్చయించుకొనవలెను. ఇచ్చటను మాకు చిక్కు కనబడలేదు. మీట సరిగానే స్క్రిప్టును చేరుచుండెను.

ఇక మిగిలినది, స్క్రిప్టు చదువుచున్న విలువ. దీనిని తెలిసికొనుటకు చాలమంది సందేశపు పెట్టెను తెఱపై చూపింతురు. మీటల విచారణలో అది మంచిది కాదు. పెట్టె తెఱచుకొనగానే దృష్టి దానికి మరలిపోవును. నొక్కిన మీట పైకి లేచిన వార్త ఫారమునకు అందకుండ పోవచ్చును. పరీక్షయే పరీక్షింపబడు దానిని మార్చివేయును. అందుచే తెఱను కదల్చకుండ ఇమ్మీడియట్ విండోలో పంక్తులు వ్రాయించు డీబగ్ ప్రింట్ అను ఆజ్ఞను చేర్చి, సాంఘికశాస్త్రపు గడిని రెండు విధముల చదివించితిమి. గుమాస్తాగారు మరల 71 కొట్టి కంట్రోలుతో టి నొక్కిరి. విండోలో రెండు పంక్తులు పడెను. వాల్యూ 17. టెక్స్టు 71.

చదువరులారా, మర్మమంతయు ఇందే యున్నది. గడిలో వ్రాయుచున్నంతసేపు ఆ గడికి రెండు విలువలుండును. తెఱపై కనబడునది టెక్స్టు. గడి ఇంతకుముందు అంగీకరించి దాచుకొన్నది వాల్యూ. కర్సరు గడిని విడిచిపోవునప్పుడు క్రొత్తది పాతదాని స్థానమునకు వచ్చును. మౌసుతో బొత్తామును నొక్కుటకు గడిని విడువక తప్పదు గనుక, ముందుగా 71 స్థిరపడి, ఆ పిమ్మట కూడిక జరిగెను. షార్టుకట్టునకు గడిని విడువనక్కఱలేదు. అదియే దాని సౌఖ్యము, అదియే ఇచ్చట చిక్కు. స్క్రిప్టు పాత 17ను కూడి 366 వేసి, వెంటనే రికార్డును భద్రపఱచెను. భద్రపఱచునప్పుడు గడిలోని 71 స్థిరపడెను. కాబట్టి కార్డుమీద మార్కు క్రొత్తది, మొత్తము పాతది. తొమ్మిదిచే భాగింపబడిన ఆ 54 గుమాస్తాగారి అశ్రద్ధకు సాక్ష్యము కాదు. వారు తారుమారును గుర్తించి దిద్దిరనుటకే సాక్ష్యము.

నివారణము రెండు మెట్లుగా చేసితిమి. మొదట, కంట్రోలుతో టి నొక్కినంతనే స్క్రిప్టు కర్సరును ఒక క్షణము ప్రక్కగడికి జరిపి, గడి విలువ స్థిరపడిన తరువాత కూడునట్లు మార్చితిమి. పని ముగిసిన తరువాత మీటసంఖ్యను సున్నగా చేయు పంక్తిని గూడ చేర్చితిమి. అట్లు చేసినచో ఆ మీట మఱి దేనికిని అందదు. ఆ పిమ్మట మొత్తమును గడిలో దాచుటయే మానివేసి, కార్డు అచ్చువేయునప్పుడు ఆఱు మార్కులనుండి అప్పటికప్పుడు కూడునట్లు ఏర్పాటు చేసితిమి. 1970వ సంవత్సరమున ఇ. ఎఫ్. కాడ్ అను పండితుడు సంబంధపట్టికల సిద్ధాంతమును ప్రకటించెను. ఆ సిద్ధాంతమునుండి పెరిగిన శాస్త్రము చెప్పు ముఖ్యనియమములలో, ఒక సంగతిని ఒక్కచోటనే యుంచవలెననునది యొకటి. మార్కులుండగా వాని మొత్తమును గూడ దాచినచో, ఒక్క సత్యమునకు రెండు నకళ్లు ఏర్పడును. ఒక నకలు మారి రెండవది మారకపోవుట ఎప్పుడో ఒకప్పుడు తటస్థించును.

పాత రికార్డులన్నిటిలోను దాచిన మొత్తమును, కూడిన మొత్తముతో సరిచూడగా, ఐదుగురు పిల్లల కార్డులు తప్పుగా నున్నట్లు తేలెను. ఐదును దిద్దుబాటు జరిగిన రికార్డులే. కొందఱి మార్కులు తగ్గియుండగా, ఒక బాలికకు పాత అంకె పెద్దదగుటచే మొత్తము హెచ్చియుండెను. ఆ బాలిక తండ్రిని పిలిచి నిజము చెప్పుట మాకు కొంత కష్టమాయెను. ఆయన కార్డును కొంతసేపు చూచి, "తగ్గినను సరియైనదే మాకు కావలెనండీ" అని పుచ్చుకొనిపోయిరి.

ఈ విచారణలోనే హాజరు ఫారమునందు మఱియొక వింత కనబడెను. పిల్లవాని పేరుకెదురుగ పి మీటను నొక్కినచో హాజరు పడవలెనని ఏర్పాటు. అది ఏనాడును పనిచేయలేదట. అందఱును మౌసుతోనే కాలక్షేపము చేయుచుండిరి. స్క్రిప్టును చూడగా అందు 112 అను సంఖ్య యుండెను. చిన్నబడి పి అక్షరమునకు అక్షరసంఖ్య 112 అగుట నిజమే. కాని ఆ స్క్రిప్టు వ్రాసిన చోటు కీడౌన్ అను ఘట్టము. కీప్రెస్ అను ఘట్టము ఏ అక్షరము పడెనని చెప్పును. కీడౌన్ అను ఘట్టము ఏ మీట క్రిందికి పోయెనని చెప్పును. మీటల లెక్కలో పి సంఖ్య 80. అందు 112 ఎఫ్ 1 మీటది. కాబట్టి పి నొక్కిన ఏమియు జరుగలేదు. సహాయము కోరి ఎఫ్ 1 నొక్కినచో మాత్రము ఎదురుగనున్న పిల్లవాడు హాజరగుచుండెను! ఇట్టి కవల సంఖ్యలు మఱికొన్ని కలవు. 46 అక్షరముగా చుక్క, మీటగా డిలీటు. 39 అక్షరముగా అపాస్ట్రఫీ, మీటగా కుడిబాణము.

తెలుగున పేర్లు ఎక్కించువారికి ఈ భేదము మఱింత ముఖ్యము. ఇన్‌స్క్రిప్టు వరుసలో పి మీటపై జ అను అక్షరమున్నది. తెలుగు కీబోర్డు పెట్టియుండగా అక్షరమును అడుగు స్క్రిప్టునకు పి ఎన్నటికిని దొరకదు. మీటను అడుగు స్క్రిప్టునకు మాత్రము ఏ భాషలోనైనను అదే 80 అందును. 112ను 80గా మార్చినంతనే హాజరు ఫారము చక్కబడెను.

షార్టుకట్టును ఎన్నుకొనుటలోను విచక్షణ కావలెను. 1981లో వెలువడిన ఐబీఎమ్ పర్సనల్ కంప్యూటరును నిర్మించినవారిలో డేవిడ్ బ్రాడ్లీ అను ఇంజనీరు, యంత్రమును మరల ప్రారంభించుటకు మొదట కంట్రోలు, ఆల్టు, ఎస్కేపు మీటలను ఏర్పఱచెను. అవి యెడమచేతి ప్రక్కనే యుండుటచే పొరపాటున నొక్కుకొనుటకు వీలుండెను. అందుచే ఎస్కేపునకు బదులు దూరముననున్న డిలీటును పెట్టెను. మాటిమాటికి చేయు పనికి సుళువైన మీట, ప్రమాదకరమైన పనికి కష్టమైన మీట యుండుట మేలు. రికార్డును చెఱిపివేయు ఆజ్ఞను ఒక్క మీటకు కట్టుట ఎంతమాత్రమును తగదు. తేది వేయు మీటవంటి పాత అలవాట్లను క్రొత్త స్క్రిప్టు అపహరించుటయు తగదు. ఏండ్లుగా నేర్చిన చేయి ఆలోచింపకయే పోయి అదే మీటను నొక్కును.

విద్యార్థులారా, మీలో కొందఱు రేపు స్క్రిప్టులు వ్రాయువారు కాగలరు, కొందఱు ఇతరులు వ్రాసినవానిని వాడువారు కాగలరు. ఏదైనను తప్పిపోయినప్పుడు ఈ క్రమమును పాటింపుడు. మొదట దోషమును మీ యెదుట మరల జరిపింపుడు. అది జరిగినవాని చేతితోనే, వాని అలవాటు ప్రకారమే జరిపింపుడు. పిమ్మట మీట దాటు ద్వారములను వరుసగా, ఒక్కొక్కటిగా పరీక్షింపుడు. ఒకేసారి రెండింటిని మార్చినచో ఏది మందో తెలియదు. స్క్రిప్టు ఏమి చదువుచున్నదో ఊహింపక, దానిచేతనే చెప్పింపుడు. దిద్దిన తరువాత క్రొత్త రికార్డులతో తృప్తిపడక, పాతవానిలో జరిగిన హానిని వెదకి సరిచేయుడు. అసలు ప్రతిపై గాక నకలుపైననే ఈ పనియంతయు చేయుడు.

ఐదు కార్డులును మరల అచ్చువేయించి ప్రధానోపాధ్యాయినిగారు సంతకము చేసిరి. కొట్టుయజమాని కుమారుడు నాటి సాయంకాలమే ప్రత్యేక తరగతినుండి విడుదలయ్యెను. ఉపాధ్యాయుల సమావేశమున ప్రధానోపాధ్యాయినిగారు గుమాస్తాగారిని ముందు వరుసలో కూర్చుండబెట్టి, జరిగినదంతయు వివరముగా చదివి వినిపించిరి. చూపు మందగించినదని మొదట అన్నవారే లేచి వారికి నమస్కరించిరి. ఆయన ఎక్కువ మాటలాడలేదు. మౌసును చూపిన బాలికను దగ్గఱకు పిలిచి, "అమ్మా, ఈ స్క్రిప్టు చదువుట నాకును కొంచెము చెప్పుము" అనిరి. ఇప్పుడు శనివారములందు బడి విడిచిన తరువాత కార్యాలయములో ఆ పాఠము జరుగుచున్నది. మొన్న హాజరు ఫారములో ఆబ్సెంటునకు ఏ మీట సంఖ్యను ఉంచవలెనో గుమాస్తాగారు తామే వెదకి, 65 అని వ్రాసిరి. అది సరియే.